గల్లాపెట్టెలో చేరే చిల్లరలో విలువైన నాణేలు దొరుకుతాయా?

కావలిలో కిరాణా కొట్టు నడిపే ఒకరు అడిగారు: "రోజూ గల్లాపెట్టెలోకి చాలా చిల్లర వస్తుంది. పాత నాణేలకు లక్షలు ఇస్తామనే వీడియోలు ఫోనులో కనిపిస్తున్నాయి. వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు రూపాయల నాణెం ఒకటి నా దగ్గర ఉంది. నిజంగా వీటికి అంత ధర ఉందా? చిల్లరలో ఏం చూడాలి? ఇంకెక్కడ వెతకాలి? అమ్మమ్మ పెట్టెలో ఒక చిల్లు కాని, 1919 నాటి వెండి రూపాయి కూడా దొరికాయి. వాటిని ఏం చేయమంటారు?"

ముందు సూటిగా జవాబు. దొరుకుతాయి, కానీ లక్షలు రావు. గల్లాపెట్టెలో కనిపించే మంచి నాణేల్లో చాలా వాటికి ముఖవిలువ కంటే కొన్ని రెట్లు మాత్రమే ఎక్కువ వస్తుంది. కాస్త అరుదైనదైతే వందల్లో పలుకుతుంది. అంతకంటే విలువైనవి చిల్లరలో తిరగవు, ఇళ్లలో ఉంటాయి. పూజ గదిలో, ముడుపు మూటల్లో, అటక మీది ట్రంకు పెట్టెల్లో, తూకానికి వేసే పాత రాగి సామానులో ఉంటాయి. ఈ సమాధానంలో ఒక్క మాటే గుర్తుంచుకోగలను అంటే ఇది గుర్తుంచుకోండి: దొరికిన నాణేన్ని తోమకండి. కారణం కింద వివరంగా చెబుతాను.

ఒంగోలులో మాది ఇత్తడి, రాగి పాత్రల కొట్టు. పాత బిందెలు, చెంబులు, గంగాళాలు తూకానికి తీసుకుని కొత్తవి ఇస్తాం. పాత సామాను మూట విప్పితే అడుగున రాగి నాణేలు దొరకడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. నాణేల మీద నా ఆసక్తి అక్కడే మొదలైంది.

ముందు మీ గల్లాపెట్టె సంగతి. ఇప్పుడు చలామణిలో ఉన్న నాణేలను మన దేశంలో నాలుగు టంకశాలలు ముద్రిస్తున్నాయి. ముద్రణ సంవత్సరం కింద చూడండి. చిన్న నక్షత్రం ఉంటే హైదరాబాదు, వజ్రం ఆకారం ఉంటే ముంబై, గుండ్రటి చుక్క ఉంటే నోయిడా, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. కొట్టు కట్టే ముందు రోజూ ఓ పావుగంట ఈ గుర్తులు చూడటం అలవాటు చేసుకోండి. కొన్ని వారాలకే మీ కొట్టుకు ఏవి ఎక్కువగా వస్తాయో, ఏవి అసలు కనిపించవో మీకే తెలిసిపోతుంది. ఏది మామూలుదో తెలిస్తే తేడాగా ఉన్నది కంటికి దానంతట అదే ఆనుతుంది. ఈ విద్యకు ఇంతకు మించిన దగ్గరదారి లేదు.

మన టంకశాలలకు పని ఎక్కువైన రోజుల్లో ప్రభుత్వం కొన్ని నాణేలను విదేశాల్లో కొట్టించింది. 1985 రూపాయి బిళ్ల మీద సంవత్సరం కింద ఇంగ్లీషు 'హెచ్' అక్షరం కనిపిస్తే అది బర్మింగ్‌హామ్‌లో తయారైనది. 1990ల చివరి రూపాయి బిళ్లల్లో మెక్సికో గుర్తు, స్లొవేకియాలోని క్రెమ్నిత్సా గుర్తు ఉన్నవి వచ్చాయి. 1999 నాటి ఐదు రూపాయల బిళ్లల్లో మాస్కో టంకశాల గుర్తు ఉన్నవీ ఉన్నాయి. ఇవి పెద్ద ధర పలికేవి కావు. అయినా కావలిలో కిలో కందిపప్పుకు ఇచ్చిన చిల్లరలో మాస్కోలో ముద్రించిన నాణెం దొరికితే కలిగే సంతోషం వేరు. పిల్లలకు చూపించి చెప్పదగ్గ సంగతి కూడా.

స్మారక నాణేలు మీకు రోజూ తగులుతూనే ఉంటాయి. 1964లో నెహ్రూ బొమ్మతో వచ్చిన రూపాయి, అర్ధరూపాయి వీటిలో మొదటివి. తర్వాత చాలా వచ్చాయి. 1995 ప్రపంచ తమిళ మహాసభల సందర్భంగా వచ్చిన తిరువళ్లువర్ బొమ్మ నాణేలు మన వైపు, ముఖ్యంగా సూళ్లూరుపేట, తడ ప్రాంతంలో బాగా కనిపించేవి. పది రూపాయల రెండు లోహాల బిళ్ల మీద 2005 సంవత్సరం ఉంటే పక్కన పెట్టండి. ఆ నాణేలు ప్రజల చేతికి వచ్చింది 2009లో. చాలా ఊళ్లలో పది రూపాయల బిళ్ల చెల్లదని ఇప్పటికీ తీసుకోరు. అది అపోహ. పద్నాలుగు రకాల డిజైన్లూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018లోనే ప్రకటించింది. ఎవరూ తీసుకోకపోతే మీరు తీసుకోండి, వెతుకులాటకు మీకే మంచి అవకాశం.

మీ వైష్ణోదేవి నాణెం 2012లో వచ్చింది. అదే డిజైనుతో పది రూపాయల బిళ్ల కూడా ఉంది. రెండూ పెద్ద సంఖ్యలో ముద్రించినవే. వాటికి లక్షలు ఇచ్చే వాళ్లు ఎక్కడా లేరు. అది మీకు ఇష్టమైన బొమ్మ అయితే దాచుకోండి, అంతే.

చిల్లరలో నిజంగా వెతకదగ్గవి ముద్రణ లోపాలు ఉన్న నాణేలు. అచ్చు పక్కకు జరిగి సగం బొమ్మే పడినవి, బిళ్ల అంచు తెగిపోయినవి, అచ్చు పగిలిన గీత ఉబ్బుగా కనిపించేవి. అన్నిటికంటే సులువుగా పట్టుకోగలిగింది అచ్చు తిరిగిన నాణెం. మూడు సింహాలను నిటారుగా పెట్టి, బిళ్ల పైఅంచును, కిందిఅంచును రెండు వేళ్లతో పట్టుకోండి. పుస్తకంలో పేజీ తిప్పినట్లు పక్కకు తిప్పండి. మన నాణేల్లో వెనక బొమ్మ కూడా నిటారుగానే ఉండాలి. అది పక్కకు వాలినా, తలకిందులుగా ఉన్నా లోపం ఉన్నట్లే. కొద్దిపాటి వాలు చాలా నాణేల్లో ఉంటుంది, దానికి విలువ లేదు. బాగా తిరిగి ఉంటేనే సేకర్తలు అడుగుతారు.

ఇందులో మోసాలూ ఎక్కువే. బైసులో బిగించి నొక్కి, ఆకురాయితో అరగదీసి "లోపం ఉన్న నాణెం" అని అమ్ముతారు. తేడా తెలుసుకోవడం కష్టం కాదు. టంకశాలలోనే జరిగిన లోపమైతే బొమ్మ పడని చోట లోహం నున్నగా, శుభ్రంగా ఉంటుంది. తర్వాత చెడగొట్టినదైతే అక్కడ ఉండాల్సిన అక్షరాలు నలిగి, చదునైపోయి, వాటి ఆనవాలు మిగిలే ఉంటుంది. పది రూపాయల బిళ్లలో లోపలి ముక్కను బయటికి తోసి, తిరగేసి బిగించినవి చాలా తిరుగుతున్నాయి. వాటి అతుకు చుట్టూ గీకుళ్లు చూడండి. ఇంకో మాట. చలామణిలో ఉన్న నాణేన్ని కరిగించడం, చెడగొట్టడం 2011 నాణేల చట్టం కింద నేరం. అటువంటి పనికి చేయి పెట్టకండి.

ఇక ఇళ్ల సంగతి. నా దృష్టిలో అసలైన వెతుకులాట ఇదే.

పావలా, అంతకంటే చిన్న నాణేలన్నీ 2011 జూన్ 30తో చెల్లకుండా పోయాయి. అర్ధరూపాయి మాత్రం ఇప్పటికీ చెల్లుతుంది, కొట్టువాళ్లు తీసుకోకపోయినా సరే. చెల్లకుండా పోయిన పైసలు ఎక్కడికీ పోలేదు. పిల్లల డిబ్బీల్లో, పోపుల డబ్బాల అడుగున, బియ్యం డ్రమ్ముల్లో అలాగే ఉండిపోయాయి. భోగి నాడు పిల్లల తల మీద రేగుపళ్లతో పాటు పోసే చిల్లర కోసం చాలా ఇళ్లలో ఒక ప్రత్యేకమైన మూట ఉంటుంది. ఏటా అదే మూట విప్పి, పోసి, ఏరి మళ్లీ కట్టి దాస్తారు. తరాలు మారినా ఆ మూట మారదు. పొదిలి దగ్గర ఒక బంధువుల ఇంట్లో అలాంటి మూటలోనే నాకు నయా పైసలు, అలల్లాంటి అంచుల రెండు పైసలు, ఆరు మూలల మూడు పైసలు, తామరపువ్వు ఉన్న ఇరవై పైసలు అన్నీ ఒకే చోట కనిపించాయి.

ఆ తామరపువ్వు నాణెం గురించి ఒక మాట. 1968 నుంచి 1971 వరకు వచ్చిన ఆ పసుపుపచ్చ బిళ్లలో బంగారం కలిసిందని ఊళ్లలో గట్టిగా నమ్మేవారు. అందులో బంగారం రవ్వంత కూడా లేదు. లక్ష్మీదేవి పువ్వు ఉందని పూజలో పెట్టుకున్నారు కాబట్టే చాలా ఇళ్లలో ఇంకా చక్కగా మిగిలి ఉంది.

వెండి విషయానికి వస్తే, బ్రిటిషు కాలపు రూపాయి 1835 నుంచి 11.66 గ్రాముల బరువు, 91.7 శాతం వెండి. 1940 నుంచి వెండిని సగానికి తగ్గించారు. 1947 సంవత్సరం వేసి, వెనక పులి బొమ్మ ఉన్న రూపాయిలో వెండే లేదు, అది నికెలు. అయస్కాంతం దగ్గర పెడితే టక్కున అంటుకుంటుంది. వెండి రూపాయి అంటుకోదు. పాత రూపాయిని చూడగానే తూచడం, అయస్కాంతం పెట్టడం అలవాటు చేసుకుంటే చాలా మోసాలు ఇంట్లోనే బయటపడతాయి.

ఐదో జార్జి రాజు బొమ్మతో 1911 సంవత్సరం వేసిన రూపాయి దొరికితే జాగ్రత్తగా దాచండి. రాజు వేసుకున్న అంగీ మీద హారంలో ఒక చిన్న ఏనుగు ఉంటుంది. ఆ నాణెంలో తొండం చిన్నదిగా పడి అది పందిలా కనిపించింది. ముస్లింలు అభ్యంతరం చెప్పడంతో నాణేలను వెనక్కి తీసుకుని చాలా వరకు కరిగించేశారు. 1912 నుంచి ఏనుగును స్పష్టంగా చెక్కిన కొత్త అచ్చు వాడారు. భూతద్దం కింద ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా మళ్లీ మరిచిపోరు.

గిద్దలూరు, యర్రగొండపాలెం వైపు ఇళ్లలో చార్మినారు బొమ్మ ఉన్న నిజాం రూపాయి కూడా తగులుతుంది. వాటిని హాలీ సిక్కా అంటారు. బ్రిటిషు రూపాయి కంటే బరువు, వెండి రెండూ కాస్త తక్కువ. అందుకని నకిలీ అనుకుని పారేయకండి.

రూపాయల దండలు, కాసుల పేర్లు తెచ్చి చూపించేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. కొలికి అతికించిన నాణేనికి లోహం ధరే వస్తుంది, సేకర్తల ధర రాదు. అతుకు తీసేయించినా మచ్చ మిగులుతుంది. అలాంటి దండ మీ ముత్తవ్వది అయితే దండగానే ఉంచుకోవడం మంచిది.

తోమడం గురించి. మన ఇళ్లలో రాగి, ఇత్తడి అంటే చింతపండు. పండగ ముందు రోజు అన్నీ తోమి మెరిపించాలి. నాణెం దొరికినా అదే చేస్తారు. ఒకాయన మా కొట్టుకు 1835 నాటి ఈస్ట్ ఇండియా కంపెనీ రాగి నాణేలు రెండు తెచ్చారు. రెండూ పావు అణాలే, ఒకే మూటలోవి. ఒకదాన్ని ఇంట్లో చింతపండు, ఉప్పు వేసి తోమారు. రెండోదాన్ని అలాగే ఉంచారు. తోమింది గులాబీ రంగులోకి వచ్చి, పచ్చి మాంసంలా మెరుస్తోంది. భూతద్దం పెడితే దాని మీద వేలాది సన్న గీతలు, సింహాల జూలు అరిగిపోయి నున్నగా ఉంది. తోమనిది ముదురు గోధుమ రంగులో, ప్రతి అక్షరం అంచు నిటారుగా ఉంది. కాలం దాని మీద పరిచిన ఆ పొరే నాణేనికి రక్ష. ఆ పొర పోయాక మళ్లీ రాదు. తోమనిదాన్ని ఒక సేకర్త తీసుకున్నాడు. తోమినదాన్ని ఉచితంగా ఇచ్చినా వద్దన్నాడు.

మట్టి ఉంటే మరిగించి చల్లార్చిన శుభ్రమైన నీళ్లలో ఒక రాత్రి నానబెట్టి, మెత్తని నూలు బట్టతో రుద్దకుండా అద్దండి. పచ్చటి చిలుము ఉంటే ముట్టుకోకుండా తెలిసినవాళ్లకు చూపించండి. పళ్లపొడి, నిమ్మకాయ, పాత్రలు తోమే పొడి, ఏదీ వద్దు. కొబ్బరినూనె రాస్తే మెరుపు వస్తుందని కొందరు చెబుతారు. ఆ జిడ్డుకు దుమ్ము పట్టి మరింత పాడవుతుంది. మన కోస్తాలో ఉప్పుగాలి కూడా ఉంది కాబట్టి నాణేలను విడివిడిగా కాగితపు పొట్లాల్లో, మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టండి. రబ్బరు బ్యాండు వెండిని నల్లబరుస్తుంది. పట్టుకునేటప్పుడు ఎప్పుడూ అంచులే పట్టుకోండి.

పొలంలో, పునాదుల్లో దొరికేవి వేరే సంగతి. మనది మామూలు నేల కాదు. శాతవాహనుల సీసపు నాణేలు, ఓడ బొమ్మ ఉన్నవి కూడా, ఈ తీరంలో దొరికాయి. చినగంజాం దగ్గర మోటుపల్లి రేవులో విదేశీ వర్తకులకు అభయమిస్తూ కాకతీయ గణపతిదేవుడు శాసనం వేయించాడు. 1514లో ఉదయగిరి కోట గెలిచిన శ్రీకృష్ణదేవరాయలు అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని విజయనగరానికి తీసుకువెళ్లి, బాలకృష్ణుడి బొమ్మతో బంగారు వరహాలు వేయించాడు. దుగరాజపట్నంలో ఇంగ్లీషువాళ్లు 1626లోనే వర్తక స్థావరం పెట్టారు, మద్రాసు పుట్టకముందే.

నెల్లూరు దగ్గర జరిగిన ఒక సంగతి, అంతకుముందు మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ డేవిడ్సన్ 1787లో రాసిన లేఖలో ఉంది. ఒక రైతు దున్నుతుండగా నాగలి ఇటుక కట్టడానికి తగిలి ఆగిపోయింది. తవ్వితే చిన్న గుడి శిథిలాలు, దాని కింద ఒక చిన్న కుండ. కుండలో రోమను చక్రవర్తుల బంగారు నాణేలు. ట్రాజన్, హేడ్రియన్ కాలంవి, అంటే దాదాపు పదిహేడు వందల ఏళ్లు మట్టిలో ఉన్నవి. రైతు వాటిని పాత బంగారం లెక్కన అమ్మాడు. చాలా వరకు కరిగిపోయాయి. కబురు తెలిసి ఆర్కాటు నవాబు కొడుకు వెతికిస్తే సుమారు ముప్పై మాత్రం మిగిలాయి. ఇది చదివినప్పుడల్లా నాకు బాధేస్తుంది. కరిగిన ఆ నాణేల్లో ఏయే చక్రవర్తుల బొమ్మలు ఉన్నాయో ఇక ఎవరూ చెప్పలేరు.

ఇప్పుడు అలా జరగకుండా చట్టం ఉంది. భూమిలో దాగి ఉన్నది, పది రూపాయలకు మించి విలువ చేసేది ఏది దొరికినా జిల్లా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ఇది. ఇప్పటికీ అమల్లో ఉంది. చెబితే దొరికినవాళ్లకు, భూమి యజమానికి వాటా హక్కు ఉంటుంది. దాస్తే వాటా పోవడమే కాదు, శిక్ష కూడా పడుతుంది. నాణేలు దొరికిన చోటు, లోతు, పక్కన ఏమున్నాయో కూడా రాసి పెట్టండి. చరిత్రకారులకు నాణెం కంటే ఆ వివరం ముఖ్యం. ఇక గుప్తనిధుల పేరుతో పాత గుళ్ల దగ్గర తవ్వేవాళ్ల వెంట వెళ్లకండి. వాళ్లు ధ్వంసం చేసిన శిల్పాలు నెల్లూరు, ప్రకాశం జిల్లాలు రెండింటిలోనూ చూశాను.

మోసాల గురించి మూడు మాటలు. శ్రీరామ పట్టాభిషేకం, హనుమంతుడు బొమ్మలతో 1818 సంవత్సరం వేసిన "ఈస్ట్ ఇండియా కంపెనీ అర్ధణా" అని తిరిగేవి కంపెనీ ముద్రించినవి కావు, తర్వాతి కాలంలో చేసిన బిళ్లలు. కంపెనీ మద్రాసులో వేసిన బంగారు వరహాల మీద విష్ణుమూర్తి ఉన్న మాట నిజమే, అందుకే జనం ఇవీ నిజమనుకుంటారు. రెండోది రైస్ పుల్లింగ్. రాగి నాణెం బియ్యాన్ని లాగుతుందని, దానికి కోట్లు ఇస్తారని చెప్పి అడ్వాన్సులు వసూలు చేసే ముఠాలు. రాగి బియ్యాన్ని లాగదు. బియ్యానికి ఇనుప రజను పట్టించి, కింద అయస్కాంతం దాస్తారు. మూడోది, ఫోనులో రిజర్వు బ్యాంకు పేరు చెప్పి పాత నాణెం కొంటామని, ముందు కమీషనో పన్నో కట్టమనడం. తమకు దీనితో సంబంధం లేదని రిజర్వు బ్యాంకే 2021లో హెచ్చరించింది. నాణెం కొనేవాడు మీకు డబ్బు ఇస్తాడు, మీ దగ్గర తీసుకోడు.

పరికరాలకు పెద్ద ఖర్చు లేదు. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, గ్రాములో వందో వంతు చూపే చిన్న తక్కెడ, ఒక అయస్కాంతం చాలు. హైదరాబాదు వెళ్లినప్పుడు సైఫాబాదులోని పాత టంకశాల మ్యూజియం చూడండి. నాణెం ఎలా తయారవుతుందో తెలిస్తే లోపం ఎలా వస్తుందో తెలుస్తుంది.

ఇక మీ అమ్మమ్మ గారి నాణేలు. చిల్లు కాని 1943 నుంచి 1947 వరకు వచ్చిన పైస. యుద్ధకాలంలో లోహం పొదుపు కోసం మధ్యలో రంధ్రం పెట్టారు. కోట్లలో ముద్రించారు కాబట్టి ధర పెద్దగా ఉండదు. 1919 రూపాయి కూడా అరుదైనది కాదు, కారణం మాత్రం ఆసక్తికరం. మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో మన దేశంలో వెండి నాణేలకు తీవ్రమైన కొరత వచ్చింది. 1918లో అమెరికా ఒక చట్టం చేసి, తన ఖజానాలోని వెండి డాలర్లు కరిగించి, సుమారు 20 కోట్ల ఔన్సుల వెండిని బ్రిటనుకు అమ్మింది. ఆ వెండి మన రూపాయలకే వచ్చింది. మీ చేతిలోని రూపాయిలో అమెరికా డాలరు వెండి ఉండే అవకాశం బాగానే ఉంది. బరువు 11.66 గ్రాములకు దగ్గరగా వస్తే అందులో నికరంగా 10.69 గ్రాముల వెండి ఉన్నట్లు. అరుగుదల వల్ల కొంచెం తగ్గినా పరవాలేదు. ఆ రోజు వెండి ధరతో లెక్క వేసుకుని, అంతకంటే తక్కువకు ఎవరు అడిగినా ఇవ్వకండి. అమ్మే ముందు అంచు, రెండు వైపులా, పగటి వెలుతురులో తీసిన ఫొటోలు, తూకం ఇక్కడ పెడితే చూసి చెబుతాను.